వకీలు ఫీజుకు డబ్బుల్లేవా? వరంగల్ వైపు ఉచిత న్యాయ సహాయం ఎలా తీసుకోవాలి

మన దగ్గర కేసు మీద పడగానే ముందు జరిగేది అప్పు. మెడలో పుస్తెలతాడు కుదువ పెట్టో, పత్తి అమ్మిన డబ్బులు తీసో, మిత్తికి తెచ్చో వకీలుకు మొదటి ఫీజు కడతారు. నాలుగు వాయిదాలు తిరిగేసరికి చేతిలో పైసా ఉండదు. అప్పుడు ఎవరో అంటారు, "కోర్టోళ్లే ఫ్రీగా వకీలును ఇస్తరు కదా, అడగలేదా?" అని. ఆ మాట మొదటి రోజే తెలియాలని ఇది రాస్తున్నాను.

ఉచిత న్యాయ సహాయం ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. 1976లో రాజ్యాంగంలో 39ఏ అధికరణం చేర్చి, డబ్బు లేదన్న కారణంగా ఎవరికీ న్యాయం దూరం కాకూడదని రాసుకున్నాం. దానికోసం 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు. అది 1995 నవంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. కాబట్టి ఆఫీసు గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిన పని లేదు. రేషన్ షాపుకు పోయి మీ బియ్యం మీరు ఎలా అడుగుతారో, అక్కడ కూడా అలాగే అడగండి.

ముందు, మీకు వస్తుందా రాదా చూసుకోండి

మీరు ఆడవాళ్లయితే వస్తుంది. మీ ఆదాయం ఎంత, మీ భర్త జీతం ఎంత అన్నది చూడరు. ఎస్సీ, ఎస్టీ అయినా అంతే. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు, దివ్యాంగులకు, పోలీసు కస్టడీలోనో జైల్లోనో ఉన్నవాళ్లకు, మిల్లుల్లో ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులకు, మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరీకి గురైనవాళ్లకు, వరదలు, కరువు, కుల దాడుల వంటి వాటిలో నష్టపోయినవాళ్లకు కూడా ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. మిగిలినవాళ్లకు మాత్రమే ఆదాయ పరిమితి ఉంటుంది. ఆ పరిమితిని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అప్పుడప్పుడు పెంచుతుంటారు. ఇప్పుడు ఎంత ఉందో ఆఫీసులోనే అడగండి.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. "ఆదాయ సర్టిఫికెట్ లేదు, మీసేవలో అప్లై చేసిన, తహసీల్దార్ ఆఫీసుల పెండింగ్ ఉంది" అని వారాలకు వారాలు ఇంట్లోనే కూర్చుంటారు. అలా ఆగొద్దు. మీ ఆదాయం ఇంత అని మీరే రాసిచ్చే అఫిడవిట్ సరిపోతుందని ఆ చట్టంలోని 13వ సెక్షనే చెప్తుంది. అధికారికి దాని మీద అనుమానం రావడానికి కారణం ఉంటేనే వేరే రుజువు అడుగుతారు. సర్టిఫికెట్ తర్వాత వస్తే అప్పుడు ఇవ్వొచ్చు.

ఇంకో అపోహ కూడా ఉంది. కేసు వేసేవాళ్లకే ఈ వకీలు దొరుకుతాడని అనుకుంటారు. మీ మీద కేసు పడినా ఇస్తారు. సివిల్ కేసైనా, క్రిమినల్ కేసైనా ఇస్తారు. కోర్టు అంటే జడ్జి ఉన్న కోర్టు ఒక్కటే కాదు. రెవెన్యూ కోర్టులు, ట్రిబ్యునళ్లు కూడా ఈ చట్టం కింద కోర్టులే. ఆర్డీవో దగ్గర నడిచే భూమి తగాదాకు కూడా వకీలును అడగొచ్చు.

నోటీసు వస్తే తీసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సగం కేసులు ఇక్కడే పాడవుతాయి. కోర్టు అమీనా సమన్లు తెస్తే తలుపు వేసుకోవడం, పోస్టుమ్యాన్ రిజిస్టరు పోస్టు తెస్తే "ఊళ్లో లేరని చెప్పు" అనడం మన ఊళ్లలో మామూలే. తీసుకోకపోతే కేసు ఆగదు. మీరు రాలేదని కోర్టు రాసుకుని, మిమ్మల్ని ఎక్స్‌పార్టీ చేసి, అవతలివాళ్ల మాట మీదనే తీర్పు ఇచ్చేస్తుంది. తర్వాత దాన్ని తిప్పించుకోవడానికి పడే పాట్లు అసలు కేసు కంటే ఎక్కువ.

నోటీసు చేతికి రాగానే దాని మీద రెండు చూడండి: ఏ కోర్టు, వాయిదా ఎప్పుడు. మీకు ఏ రోజు అందిందో పైన పెన్నుతో రాసుకోండి. సివిల్ దావా అయితే మీ జవాబు దాఖలు చేయడానికి మామూలుగా 30 రోజులే గడువు. కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా పొడిగిస్తుంది. ఈ రోజులన్నీ పంచాయితీ పెద్దమనుషుల చుట్టూ తిరగడంలోనే అయిపోకూడదు. పంచాయితీ వద్దని కాదు. మాట్లాడుకునేది మాట్లాడుకోండి, కానీ ఒక మనిషిని కోర్టు వైపు కూడా పంపండి.

ఎక్కడికి పోవాలి

వరంగల్, హనుమకొండ వాళ్లయితే హనుమకొండ అదాలత్ సెంటర్‌లో దిగి కోర్టు ఆవరణలోకి పొండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడ అని గేటు దగ్గర పోలీసును అడిగినా చెప్తారు. 2022 జూన్ 2 నుంచి మన రాష్ట్రంలో ప్రతి జిల్లాకూ విడిగా జిల్లా కోర్టు వచ్చింది. అందుకని ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వాళ్లు వరంగల్ దాకా రావాల్సిన పని లేదు, మీ జిల్లా కోర్టులోనే ఈ సంస్థ ఉంటుంది. నర్సంపేట, పరకాల లాంటి చోట్ల కోర్టుల దగ్గర మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి. దరఖాస్తు అక్కడ ఇచ్చినా చెల్లుతుంది.

సంస్థకు చైర్మన్ జిల్లా ప్రధాన జడ్జి. రోజూ పని చూసేది కార్యదర్శి. ఆయన లేదా ఆమె కూడా జడ్జే. మీరు కలవాల్సింది కార్యదర్శినే. జడ్జి అనగానే భయపడకండి. ఈ కుర్చీలో కూర్చున్న జడ్జి మీ కేసు విచారించడానికి కాదు, మీ బాధ విని వకీలును ఇవ్వడానికి ఉన్నారు. మీ మాటలో, మీ యాసలో చెప్పండి.

పోలేని పరిస్థితి ఉంటే 15100కు ఫోన్ చేయండి. ఇది జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. ఫోన్‌లో వకీలు సలహా మాత్రమే కావాలంటే టెలీ లా నంబరు 14454 ఉంది. మీ మండలంలో పారా లీగల్ వాలంటీర్ ఎవరైనా ఉన్నారా అని కూడా కనుక్కోండి. వాళ్లు వకీళ్లు కారు, కానీ దరఖాస్తు రాయడం, వెంట రావడం, ఆఫీసులో ఎవరిని కలవాలో చూపించడం వాళ్ల పని.

ఒక జాగ్రత్త. కోర్టు బయట, జిరాక్స్ షాపుల దగ్గర "నేను మాట్లాడి పెట్టిస్త, రెండు వేలు ఇయ్యి" అనేవాళ్లు తగులుతారు. దరఖాస్తుకు ఫీజు లేదు. మధ్యలో మనిషి అవసరమూ లేదు.

దరఖాస్తు ఎలా రాయాలి

తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. ఆఫీసులో ఫారం కూడా ఇస్తారు. రాయరానివాళ్లు నోటితో చెప్తే అక్కడివాళ్లు రాసుకుని వేలిముద్ర తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లోనూ పెట్టొచ్చు. కానీ వాయిదా దగ్గర పడితే మనిషి పోవడమే మేలు. ఒక నమూనా చూడండి:

"జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి గారికి. నా పేరు ఫలానా. మాది ఫలానా గ్రామం, ఫలానా మండలం. కూలి పని చేసుకుంటాను. నా భర్త మూడేళ్ల కింద చనిపోయాడు. మాకు ఇద్దరు పిల్లలు. మా మామ పేరు మీద ఫలానా సర్వే నంబరులో నాలుగెకరాలు ఉంది. అందులో నా భర్త వాటా రెండెకరాలు మేమే దున్నుకుంటున్నాం. ఇప్పుడు నా మరిది మొత్తం తనదే అని, నేను పొలంలోకి రాకుండా నా మీద ఇంజంక్షన్ కేసు వేశాడు. ఫలానా తేదీన నోటీసు అందింది. వాయిదా ఫలానా తేదీన ఉంది. వకీలును పెట్టుకునే స్తోమత నాకు లేదు. నా తరఫున వకీలును ఇప్పించాలని, కోర్టు ఖర్చులు కూడా భరించాలని కోరుతున్నాను."

ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం వాయిదా తేదీ. అది చూస్తేనే ఎంత తొందర పడాలో ఆఫీసువాళ్లకు తెలుస్తుంది. మరిది ఎంత చెడ్డవాడో, అత్త ఏమన్నదో రెండు పేజీలు రాస్తే ఈ తేదీ కింద ఎక్కడో మునిగిపోతుంది. ఆ బాధంతా వకీలు దగ్గర చెప్పుకోండి, అక్కడ పనికొస్తుంది. ఇంకో వాక్యం, "మేమే దున్నుకుంటున్నాం" అన్నది. ఇంజంక్షన్ కేసులో పొలం ఎవరి స్వాధీనంలో ఉందన్నదే అసలు ప్రశ్న. నిజంగా మీ చేతిలో ఉంటే ఆ మాట తప్పకుండా రాయండి, లేకపోతే రాయొద్దు.

జతచేయాల్సినవి: ఆధార్ జిరాక్స్, కుల సర్టిఫికెట్ ఉంటే అది, కోర్టు నోటీసు, కేసుకు సంబంధించిన కాగితాలు. భూమి కేసైతే పట్టా పాసుపుస్తకం, పాత పహాణీలు, రైతుబంధు పడిన బ్యాంకు పుస్తకం, విత్తనాలు, ఎరువులు కొన్న రసీదులు కూడా పట్టుకుపోండి. పొలం మీరే చేసుకుంటున్నారని చూపించడానికి ఒక్కోసారి ఎరువుల షాపు రసీదే పెద్ద సాక్ష్యం అవుతుంది. ఒరిజినల్స్ ఎవరికీ ఇచ్చేయొద్దు. చూపించి, జిరాక్స్ ఇచ్చి, ఒరిజినల్ వెంట తెచ్చుకోండి. దరఖాస్తు రెండు కాపీలు తీసి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

దరఖాస్తు మీద వెంటనే, ఏడు రోజులు దాటకుండా నిర్ణయం తీసుకోవాలని జాతీయ సంస్థ 2010 నిబంధనలు చెప్తున్నాయి. ఇవ్వం అంటే ఎందుకో రాతపూర్వకంగా అడగండి. దాని మీద చైర్మన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

వకీలు దొరికాక

మీకు సంస్థ జాబితాలోని (ప్యానెల్) వకీలు ఒకరిని కేటాయించి ఆర్డర్ ఇస్తారు. కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, టైపింగ్, సాక్షుల ఖర్చు, కాపీల ఖర్చు సంస్థే భరిస్తుంది. మీ దగ్గర ఫీజు అడిగే హక్కు ఆ వకీలుకు లేదు. "టీ ఖర్చులకు", "మున్షీకి", "ఫైలు కదలాలంటే" అన్న పేర్లతో అడిగినా లేదు. అడిగితే కార్యదర్శికి రాసివ్వండి. వకీలును మార్చమని కూడా అడగొచ్చు.

ఉచిత వకీలు అంటే నాసిరకం అని మనవాళ్లలో ఒక మాట నాటుకుపోయింది. అందరూ ఒకేలా ఉండరన్నది నిజమే, డబ్బులిచ్చి పెట్టుకున్నవాళ్లలోనూ అంతే. నేను గమనించినంత వరకు తేడా ఎక్కువగా వచ్చేది ఇంకో చోట. ఫీజు కట్టినవాళ్లు ప్రతి వాయిదాకు పోయి అడుగుతారు. ఉచితంగా వచ్చినవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. ఆ మొహమాటం పక్కన పెట్టండి. మొదటి రోజు కనీసం అరగంట కూర్చుని విషయం మొత్తం చెప్పండి. మీకు ఇబ్బంది కలిగించేవి కూడా దాచకండి. అన్నదమ్ముల మధ్య పాత రాజీ కాగితం ఒకటి ఉంటే అది అవతలివాళ్లు తీసేదాకా ఆగకుండా మీరే ముందు చూపించండి.

వకాల్తా మీద సంతకం పెడతారు. అది కాక ఖాళీ కాగితాల మీద, ఖాళీ స్టాంపు పేపర్ల మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం, వేలిముద్ర వేయొద్దు.

ఒక యాభై పేజీల నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో కేసు నంబరు, కోర్టు పేరు, వకీలు పేరు, ఫోన్, పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు రాసుకోండి. తర్వాత ప్రతి వాయిదాకు ఒక లైను: తేదీ, ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు. సీఎన్ఆర్ నంబరు ఉంటే ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు ఏ దశలో ఉందో, వాయిదా ఎప్పుడో ఇంటి నుంచే చూసుకోవచ్చు. ఇంట్లో టెన్త్ చదివే పిల్లలుంటే వాళ్లకు నేర్పండి, చిటికెలో చూసి చెప్తారు. వకీలు రెండు మూడు వాయిదాలకు వరసగా రాకపోతే, కోపంతో అరవొద్దు. ఆ నోటుబుక్కు తీసుకుపోయి కార్యదర్శికి తేదీలు చూపించండి. నోటి మాట కంటే తేదీలతో రాసిన కాగితానికి ఎక్కువ బలం.

పోలీసులు పట్టుకుపోతే

ఇక్కడ గంటలే ముఖ్యం. అరెస్టు చేసినవాళ్లను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఎందుకు అరెస్టు చేశారో చెప్పాలి, ఇంట్లో ఒకరికి తెలియజేయాలి. వకీలును కలిసే హక్కు స్టేషన్‌లో ఉన్నప్పటి నుంచే ఉంటుంది. స్టేషన్ నుంచే 15100కు చేయండి, లేదా కోర్టు టైమయితే ఒకరు స్టేషన్ దగ్గర ఉండి ఇంకొకరు న్యాయ సేవాధికార సంస్థకు పొండి. మేజిస్ట్రేట్ ముందు పెట్టినప్పుడు "వకీలు ఉన్నాడా" అని అడుగుతారు. లేడని గట్టిగా చెప్పాలి. తలొంచుకుని ఊరుకోవద్దని మీవాళ్లకు ముందే చెప్పండి. అలాంటివాళ్ల కోసం సంస్థ పెట్టిన రిమాండ్ వకీలు అక్కడ ఉంటారు. చాలా జిల్లాల్లో ఇప్పుడు క్రిమినల్ కేసుల కోసమే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని పూర్తికాలం వకీళ్లను పెట్టారు. వాళ్లకు వేరే ప్రైవేటు కేసులు ఉండవు, ముద్దాయిల తరఫున ఇదే పని.

కొట్టి ఉంటే ఆ విషయం మేజిస్ట్రేట్‌కే చెప్పాలి. తర్వాత చెప్తే నమ్మడం కష్టమవుతుంది.

జైలుకు పంపితే ఏ జైలో ఆ రోజే కనుక్కోండి. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఖాళీ చేసి ఆ స్థలం ఆసుపత్రికి ఇచ్చారు. ఖైదీలను వేరే జైళ్లకు పంపేశారు. దానివల్ల మనవాళ్లను చూడటానికి వేరే ఊరికి పోవాల్సి వస్తుంది, బస్సు చార్జీలకే కూలి డబ్బులు పోతాయి. ఊరికే చూడ్డానికి పోయినప్పుడు కూడా జైల్లోని లీగల్ ఎయిడ్ క్లినిక్ గురించి అడగండి. లోపల ఉన్న మనిషి అక్కడే దరఖాస్తు రాయించుకోవచ్చు.

బెయిలు వచ్చినా ష్యూరిటీ (జామీను) దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లు చాలామంది. ఊళ్లో ఎవరి కాళ్లావేళ్లా పడినా పట్టా కాగితం తెచ్చి ఇవ్వరు. ఇలాంటి వాళ్ల గురించి సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఒక ఆర్డర్ ఇచ్చింది. బెయిలు ఇచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి, సంస్థ జోక్యం చేసుకోవాలి. వాళ్లు తెలిపారో లేదో చూస్తూ కూర్చోకుండా మీరే పోయి బెయిలు ఆర్డర్ తేదీ చూపించండి. ష్యూరిటీ షరతు తగ్గించమని కోర్టును అడిగే వీలుంది. పేద ఖైదీల బెయిలు డబ్బు, జరిమానా కోసం కేంద్రం 2023లో పెట్టిన సహాయ పథకం కూడా ఉంది, దాని గురించీ అడగండి.

చార్జిషీటు గడువులో వేయకపోతే, అంటే నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో వేయకపోతే, బెయిలు హక్కుగా వస్తుంది. దానికి కూడా దరఖాస్తు వేయాలి, దానంతట అది రాదు. మొదటి రోజు నుంచి రోజులు లెక్కపెట్టుకోండి.

మీ ఫిర్యాదు తీసుకోకపోతే

ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) ఇది స్పష్టంగా రాశారు. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో పై అధికారికి పంపండి. వరంగల్, హనుమకొండ, జనగామ వాళ్లయితే కమిషనర్‌కు, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ అయితే ఎస్పీకి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్. దీనికి కూడా ఉచిత వకీలును అడగొచ్చు. పోస్టు రసీదు పారేయకండి, మేజిస్ట్రేట్ ముందు అదే ఆధారం.

కులం పేరుతో తిట్టినా, కొట్టినా, భూమిలోంచి వెళ్లగొట్టినా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందు విచారణ అవసరం లేదు. ప్రభుత్వం నుంచి పరిహారం విడతల వారీగా వస్తుంది. బాధితులకు, సాక్షులకు కోర్టుకు వచ్చిపోయే చార్జీలు, భోజనం ఖర్చు ఇవ్వాలని 1995 రూల్స్‌లోనే ఉంది. ఇది అడిగేవాళ్లు చాలా తక్కువ. సాక్షులు కూలి పోతుందని రాకుండా ఉండిపోయి కేసు కొట్టేసే బదులు, ఈ ఖర్చులు అడిగి తీసుకోవడం ఎంతో నయం.

ఇంట్లో హింస, మనోవర్తి

ప్రమాదంలో ఉంటే ముందు 112 (పోలీసులు) లేదా 181 (మహిళా హెల్ప్‌లైన్)కు ఫోన్ చేయండి. తలదాచుకోవడానికి, వైద్యానికి, కౌన్సెలింగ్‌కు ప్రతి జిల్లాలో సఖి కేంద్రం ఉంది. గృహహింస చట్టం 2005 కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు వేస్తే ఆ ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఆర్డర్, ఖర్చులకు డబ్బు ఒకే కేసులో అడగొచ్చు. ఇల్లు భర్త పేరు మీద ఉందా, అత్త పేరు మీద ఉందా అని చూసి వెనక్కి తగ్గొద్దు.

మనోవర్తి కేసు మీరు ఇప్పుడు ఉంటున్న చోటే వేయొచ్చు. పెళ్లి కరీంనగర్ వైపు అయి, ఇప్పుడు పర్వతగిరిలో అమ్మగారింట్లో ఉంటే ఇక్కడి కోర్టులోనే. మనోవర్తిని దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అంటే రాజీ అవుతుందేమోనని దరఖాస్తు ఆపిన ప్రతి నెలా మీకు నష్టమే. దరఖాస్తు వేసి కూడా రాజీ మాట్లాడుకోవచ్చు.

భర్త దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉండే ఆడబిడ్డలు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక మాట: ఆయన పాస్‌పోర్టు, వీసా, కంపెనీ ఐడీ ఫొటోలు, డబ్బులు పంపిన రసీదులు ఇప్పుడే ఫోన్‌లో దాచుకోండి. గొడవ పెద్దదయ్యాక ఆ కాగితాలు మీ చేతికి రావు. ఎక్కడ పనిచేస్తున్నాడు, ఎంత సంపాదిస్తున్నాడు అని కోర్టు అడిగినప్పుడు అవే మాట్లాడతాయి.

భూమి పిల్లల పేరు మీద రాసిచ్చాక తిండి పెట్టని తల్లిదండ్రుల కేసు వేరు. వాళ్లు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ఆఫీసులోని ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద రాసిస్తే చాలు. చూసుకుంటారన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని రద్దు చేయించే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

ఏజెన్సీ భూములు

ములుగు, ఏటూరునాగారం, గూడూరు, కొత్తగూడ వైపు షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు మారితే అది చెల్లదు. 1/70 చట్టం అని అందరూ అనేది ఇదే. తెల్లకాగితం ఒప్పందమైనా, అప్పు కింద రాయించుకున్నా అంతే. ఇలాంటి కేసు మామూలు సివిల్ కోర్టుకు కాక గిరిజన సంక్షేమ శాఖ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గరికి పోతుంది. అక్కడ కూడా ఉచిత వకీలు హక్కు ఉంది. మిగతా చోట్ల పాసుపుస్తకం తప్పులు 2025 నాటి భూభారతి చట్టం కింద రెవెన్యూ అధికారుల దగ్గర తేలాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇచ్చే అర్జీ వేరు, చట్టం కింద గడువులోపు వేసే అప్పీలు వేరు. ప్రజావాణి రసీదు పెట్టుకుని అప్పీలు గడువు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. మీ చేతిలో ఆర్డర్ ఉంటే ముందు అది వకీలుకు చూపించండి.

లోక్ అదాలత్‌కు పోయేముందు

కేసులను రాజీతో తేల్చే లోక్ అదాలత్‌లో ఒప్పందం కుదిరితే కేసు ఆ రోజే ముగుస్తుంది, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మంచిదే. కానీ దాని మీద అప్పీలు లేదు. కాబట్టి అక్కడ కూర్చునే ముందే ఎంతకు ఒప్పుకుంటారో, ఎంతకు ఒప్పుకోరో ఇంట్లో తేల్చుకోండి. డబ్బు ఎప్పుడు, ఎన్ని వాయిదాల్లో ఇస్తారో, ఇవ్వకపోతే ఏమిటో అవార్డులో, అంటే రాజీ రాసే కాగితంలో, రాయించండి. చదివి వినిపించమనండి. ఇష్టం లేకపోతే "రాజీ వద్దు" అనే హక్కు మీదే. అలా అన్నందుకు మీ కేసుకు నష్టం ఉండదు, మామూలుగా నడుస్తుంది.

బ్యాంకు అప్పు మీద లోక్ అదాలత్ నోటీసు వస్తే ఊళ్లో జైలే అన్నంత టెన్షన్ పడతారు. అది అరెస్టు వారెంటు కాదు. మాట్లాడుకుందాం రమ్మన్న పిలుపు. పోయి, మిత్తి ఎంత తగ్గిస్తారో అడగండి.

కరెంటు, ఆసుపత్రి, ఇన్సూరెన్స్, నీళ్లు, రవాణా లాంటి సేవల మీద తగాదా అయితే శాశ్వత లోక్ అదాలత్ ఉంది. మోటరు దగ్గర తెగిన తీగ తగిలి మనిషి చనిపోతే, ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము తిప్పి పంపితే అక్కడ ఫీజు లేకుండా దరఖాస్తు వేయొచ్చు. రాజీ కుదరకపోతే అదే తీర్పు కూడా ఇస్తుంది. అయితే అదే విషయం మీద కోర్టులో అప్పటికే కేసు ఉండకూడదు. నకిలీ పత్తి, మిర్చి విత్తనాలతో పంట పోతే వినియోగదారుల కమిషన్‌కు పోవాలి. కొన్నదాని విలువ 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. విత్తనాల ఖాళీ ప్యాకెట్టు, బిల్లు, పంట ఎండిన ఫొటోలు, వ్యవసాయ అధికారి చూసి రాసిన రిపోర్టు, ఈ నాలుగూ లేకుండా పోతే పని కాదు.

ఓడిపోతే

తీర్పు చెప్పిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టమని వకీలుకు చెప్పండి. సివిల్ అప్పీలు జిల్లా కోర్టుకు అయితే 30 రోజులు, హైకోర్టుకు అయితే 90 రోజులు గడువు. కాపీ కోసం దరఖాస్తు పెట్టాక అది చేతికి రావడానికి పట్టిన రోజులు ఈ లెక్కలోంచి తీసేస్తారు. పెట్టడంలో మీరు చేసిన ఆలస్యం మాత్రం తీసేయరు. అప్పీలుకు కూడా ఉచిత వకీలు హక్కు ఉంది. హైకోర్టులో వేరే న్యాయ సేవాధికార కమిటీ, ఢిల్లీలో సుప్రీంకోర్టుకు వేరే కమిటీ ఉన్నాయి. దానికోసం మీరు హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని లేదు. తీర్పు కాపీ, కింది కోర్టు కాగితాలు, మీ దరఖాస్తు మీ జిల్లా సంస్థ ఆఫీసులోనే ఇవ్వండి, వాళ్లు పైకి పంపుతారు. పంపిన తేదీ, లెటర్ నంబరు అడిగి అదే నోటుబుక్కులో రాసుకోండి.